కొసైన్‌కి ఊ కొట్టడం

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ అట్ట మీద "వెన్నుకు మేలు, నిద్రకు హామీ" అని అచ్చు వేసి ఉంది. వదినగారి భర్త పరుపుల షాపు డైరీ. ప్రతి పేజీ కింద మూలన చిన్న పరుపు బొమ్మ. జనవరి అంతా ఖాళీగా వదిలేశాను. రాయడానికి ఏమీ లేక కాదు, నా అక్షరాలు చూస్తే నాకే సిగ్గుగా ఉండి. ఏడో తరగతి తర్వాత పెన్ను పట్టుకుంది చాకలి పద్దుకే.

ఇవాళ రాయాలి. ఎవరికీ చెప్పలేను గనక.

ఈ నెలాఖరున మా ఆయన మళ్ళీ కాలేజీ హాల్లో నిలబడాలి. డాక్టరేట్ కోసం ఇన్నేళ్ళూ చేసిన లెక్కంతా పెద్దవాళ్ళ ముందు చెప్పాలి. పోయినసారి నిలబడ్డారు గానీ చెప్పలేదు. మా పెళ్ళికి ముందు సంగతి. బోర్డు మీద మొదటి లైను రాసి, జనం వైపు తిరిగి, ఇక కదల్లేదట. మంచినీళ్ళు ఇచ్చారట. తాగారట. మళ్ళీ కదల్లేదట. చివరికి గైడుగారు లేచి, ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి పంపారట. ఇంకొక్క అవకాశమే ఇచ్చారు. ఈసారీ అంతే అయితే కాలేజీలో ఉద్యోగం ఉండదు. అప్పుడిక పరుపుల షాపే.

అన్నయ్యగారు (వదినగారి భర్తని నేను అలాగే అనాలి) నిన్న పనిగట్టుకుని వచ్చి మరీ చెప్పి వెళ్ళారు.

"దిగులు పడకు బామ్మర్దీ. నా దగ్గరా స్ప్రింగులే. అవీ ఊగేవే. నీకు కొత్తేం కాదు."

ఆయన నవ్వలేదు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను గనక నవ్వానో లేదో ఎవరికీ తెలియదు. నవ్వలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ముందుగది గోడకున్న బోర్డు మీద రాస్తూ లెక్క చెప్పుకుంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో గోడ వైపు తిరిగి చెప్పుకునేవారు. నేను ఆ గదిలోనే బట్టలు మడతపెడుతూ ఉండేదాన్ని. ఎవరైనా మాట్లాడుతుంటే ఊరికే ఉండటం మర్యాద కాదేమోనని, చిన్నప్పుడు అమ్మమ్మ కథకి కొట్టినట్టు "ఊ" కొట్టాను. ఆయన గోడ వైపునుంచి ఇటు తిరిగారు. అప్పటినుంచీ నా వైపు తిరిగే చెబుతున్నారు.

ఇప్పుడు నాకు రకరకాల ఊలు ఉన్నాయి. మామూలు ఊ అంటే తర్వాతి లైనుకి వెళ్ళిపోతారు. ఊ సాగదీస్తే పేజీ తిప్పేస్తారు. తుమ్ము ఆపుకుంటూ "ఊఁ?" అన్నానంటే అదే లైను ఇంకో రకంగా చెబుతారు. "ఊహూఁ" మాత్రం ఆ గదిలో అనకూడదు. ఒకసారి అత్తయ్య వంటింట్లోంచి "టీ పెట్టావా అమ్మాయ్" అని అడిగితే "ఊహూఁ" అన్నాను. ఆయన బోర్డంతా తుడిచేసి మొదటినుంచీ మొదలుపెట్టారు. ఆ రోజు టీ దీపాలు పెట్టే వేళకి తాగాం.

ఇది మాట్లాడటం కింద లెక్కకి రాదు, నాకు తెలుసు. అత్తయ్యతో తప్ప నేను ఎవరితోనూ మాట్లాడను. కూరగాయలాయనకి వేలితో చూపిస్తాను. అతను నేను మూగదాన్ననుకుని టమాటాలు ఎక్కువ వేస్తాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఇన్నాళ్ళూ మోసం చేసినట్టవుతుంది. అందుకని ఇంకా వేలితోనే చూపిస్తున్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

ఆయన లెక్కలో ఏ అని, ఇంగ్లీషు అక్షరం పేరుతో ఒకడున్నాడు. వాణ్ణి ఆపరేటర్ అంటారట. ఏదైనా ఇస్తే తీసుకుని, దాన్ని ఇంకొకటిగా చేసి తిరిగి ఇస్తాడు. కానీ అందరి దగ్గరా తీసుకోడు. కొందరితోనే వాడికి మాటలు. అయితే మిగతావాళ్ళలో ఎవరిని చూసినా, వాళ్ళకి బాగా దగ్గర్లో, ఎంత దగ్గరంటే అంత దగ్గర్లో, ఏతో మాటలున్నవాళ్ళు ఒకరు దొరుకుతారట. ఇది విన్నరోజు నాకు ఆ ఏ మీద అభిమానం కలిగింది. నేనూ అంతే. నేను కూరగాయలాయనతో మాట్లాడను, అత్తయ్యతో మాట్లాడతాను, అత్తయ్య అందరితోనూ మాట్లాడుతుంది.

ఇవాళ ఆయన ఉల్లిపాయల సంచిని ముందుగది కొక్కేనికి తాడుతో వేలాడదీశారు. పక్కకి లాగి వదిలారు. అది అటూ ఇటూ ఊగింది.

"చూడు. ఎక్కడ పట్టుకుని వదిలానో తెలిస్తే, ఇంతసేపటికి ఎక్కడుంటుందో చెప్పేది కొసైన్. నెట్టకుండా వదిలితేనే సుమా."

"ఊ."

"నెట్టామనుకో, ఆ నెట్టుడు సంగతి చూసుకునేది సైన్. రెండూ కావాలి. ఎక్కడ మొదలైంది, ఎంత ఊపుతో మొదలైంది. ఒకటే చెబితే చాలదు."

"ఊ."

తర్వాత ఆయన సంచిని సరిగ్గా మధ్యలో పట్టుకుని ఆపారు. మెల్లిగా చెయ్యి తీసేశారు.

"ఇప్పుడు మధ్యలో ఉంది. ఊపూ లేదు. రెండూ సున్నా. ఏమవుతుంది?"

నేను ఊ అనలేదు, ఇది ప్రశ్న కదా. అత్తయ్య పక్కగదిలోంచి తొంగిచూసింది.

"ఏమీ కాదురా. ఉల్లిపాయలు అలాగే ఉంటాయి."

"అదీ. ఎప్పటికీ అలాగే ఉంటాయి."

"అలా ఉండాలనే గదా సంచిలో పోసింది. ఆ తాడు బట్టలారేసుకునేది, ముందు విప్పు."

ఆయన విప్పలేదు. తడి బట్టలు కుర్చీల మీద ఆరేశాం.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాకు బాగా ఇష్టమైన చోటు వచ్చింది. కొసైన్‌ది ఒక సూత్రం ఉంది. ఒక సమయం తీసుకుని, దానికి ఇంకొంచెం తర్వాత సంగతీ, అంతే ముందు సంగతీ కలిపితే, అప్పటిదీ ఆ కొంచెందీ గుణించి రెండింతలు చేసినట్టు వస్తుందట. అర్థం తెలియదు గానీ చెబుతుంటే పాటలా ఉంటుంది. అక్కడ నేను ఎప్పుడూ సాగదీసిన ఊ కొడతాను. ఆయనకి మొహం విప్పారుతుంది.

ఇంకోటి కూడా చెప్పారు. కొసైన్‌కి ముందూ వెనకా తేడా తెలియదట. రేపటివైపు వెళ్ళినా నిన్నటివైపు వెళ్ళినా ఒకే జవాబట.

"మీ నాన్నా అంతే," అంది అత్తయ్య. "బయటికి వెళ్ళమంటే లోపలికి వచ్చేవారు."

మధ్యాహ్నం తర్వాత అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మాయ్, మొగుడు మాట్లాడుతుంటే ఆ ఊ ఊ ఏంటి, గేదె మేత మేస్తున్నట్టు. 'అలాగేనండీ' అనొచ్చుగా."

"అలాగే అత్తయ్యా."

రేపు ఒకసారి అని చూస్తాను.

ఫిబ్రవరి 10, సోమవారం

"అలాగేనండీ" అన్నాను. ఆయన ఆగి, "ఏది ఎలాగ?" అన్నారు. మళ్ళీ ఊలోకి వచ్చేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

కుడివైపు చివరి పన్ను లాగుతోంది. లవంగం పెట్టుకున్నాను. పెద్ద విషయం కాదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఘోరం జరిగింది.

ఇవాళ బి వచ్చాడు. ఏ హాయిగా ఊగుతుంటే పక్కన బి అనేవాడు వచ్చి కూర్చుంటాడు. వాడు ఒకే రకంగా ఉండడు, పూటకో తీరు. అయినా సరే, బి హద్దుల్లో ఉన్నంతవరకూ ఏకి ఏమీ కాదు, ఊగడం ఆగదు. ఆయన లెక్కకి గుండెకాయ ఇదే. ఎంత హాయిగా ఉంటుందో వినడానికి. ఎదురుగా అత్తయ్య బఠానీలు ఒలుస్తోంది. నేను వినయంగా కింద చూస్తూ కూర్చున్నాను.

"బి హద్దుల్లో ఉంటాడు గనక," అన్నారు ఆయన, "అంతా క్షేమం."

సరిగ్గా అప్పుడే పన్ను ఒక్క పోటు పొడిచింది.

"ఊఁఁఁ..."

అది నేను కావాలని అనలేదు. పంటి కిందనుంచి దానంతట అదే వచ్చింది. ఏడుపులా, వెటకారంలా. ఆయన సుద్దముక్క పట్టుకుని ఆగిపోయారు. నన్ను చూశారు. బోర్డు చూశారు. నేను ఎటు చూశానో నాకు తెలియదు గానీ, అత్తయ్య వైపు చూశానని అత్తయ్య అంటోంది.

"నువ్వన్నది నిజమే," అన్నారు ఆయన మెల్లిగా. "బి హద్దుల్లోనే ఉంటాడని మనకెవరు చెప్పారు?"

"ఎవర్రా ఈ బి?" అంది అత్తయ్య.

"ఎవరూ కాదమ్మా. ఏకి పక్కన వచ్చి కూర్చునేవాడు."

"వాడికి పనీపాటా లేదా?"

ఆయన బోర్డు తుడిచేశారు. మూడో అధ్యాయం కాగితాలు నిలువునా చింపేశారు. నేను పన్ను అని చెబుదామని నోరు తెరిచాను. నోరు తెరిస్తే గాలి తగిలి ఇంకా పొడిచింది. మూసేశాను.

ఫిబ్రవరి 13, గురువారం

చెబుతాను. రేపు పొద్దున కాఫీ ఇస్తూ చెప్పేస్తాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కాఫీ ఇచ్చాను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆయన ఇప్పుడు హద్దు లేని బి మీద పడ్డారు. మొదట కొంచెం హద్దు దాటిన బి. తర్వాత బాగా దాటిన బి. భోజనం దగ్గర కంచంలో వేలితో రాస్తున్నారు. అత్తయ్య కంచం మార్చింది, దాంట్లోనూ రాశారు.

"నీ ఊలో ఉన్న అనుమానం నాకు ఇన్నేళ్ళలో రాలేదు," అన్నారు నాతో. పెళ్ళైన దగ్గరనుంచీ ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఇప్పుడు పన్ను సంగతి ఎలా చెప్పను?

అయినా పన్ను నొప్పి ఏమంత లేదు. నిజానికి లేనే లేదు. ఎడమవైపు నములుతున్నాను, అంతే.

ఫిబ్రవరి 18, మంగళవారం

గంజి తాగాను. నాకు గంజి ఇష్టం.

ఫిబ్రవరి 20, గురువారం

ఆయన చేతులు సుద్దతో తెల్లగా చేసుకుని వంటింట్లోకి వచ్చారు. మామూలుగా రారు.

"అయిపోయింది."

నేను ఊ అనలేదు, ఏ ఊ అనాలో తెలియక.

"బి హద్దు దాటితే ఏమీ చెప్పలేం. హద్దుల్లో ఉంటే అంతా క్షేమం. ఎక్కడ మొదలుపెట్టానో తిరిగి తిరిగి అక్కడికే వచ్చాను. చింపిందే మళ్ళీ రాయాలి, అక్షరం మారదు." చేతులు దులుపుకుని, "కానీ ఇప్పుడు నమ్మకం కుదిరింది" అన్నారు.

అత్తయ్య పొయ్యి దగ్గరనుంచి తిరక్కుండానే, "అయితే ఆ బి మంచివాడే అంటావు" అంది.

"హద్దుల్లో ఉంటేనమ్మా."

"నేనూ అదే అంటున్నా."

ముక్కలు అతికించి చూసుకుంటూ ఇద్దరం మధ్యాహ్నమంతా కూర్చున్నాం. జిగురు నేనే రాశాను. ఆయన కంటే నాకే బాగా కుదిరాయి, చిరుగులు చూసి కలపడం చీర కుట్టడం లాంటిదే. ఏం రాసి ఉందో చూడలేదు. చూసినా అంతే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఇవాళ గైడుగారి గదిలో ఒకసారి చెప్పి చూడమన్నారట. ఆయన కొత్త చొక్కా వేసుకుని వెళ్ళారు. భోజనం వేళ కాకముందే వచ్చేశారు. చెప్పులు విప్పకుండా ఉల్లిపాయల సంచి ముందు నిలబడ్డారు.

"ఏమైందిరా?" అంది అత్తయ్య.

"మొదటి లైను రాసి తిరిగాను. ఎవరూ ఊ అనలేదు."

అత్తయ్య నన్ను చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. వెళ్ళాక గుర్తొచ్చింది, నాకు వంటింట్లో పనేమీ లేదు.

సాయంత్రం అన్నయ్యగారు వచ్చారు. పరుపుల షాపులో ముందు కూర్చునే చోటు ఖాళీ చేయిస్తున్నారట. "వచ్చినవాళ్ళతో మాట్లాడక్కర్లేదు బామ్మర్దీ. పరుపు మీద కూర్చుని కొంచెం ఊగి చూపిస్తే చాలు."

ఆయన "ఆలోచిస్తాను బావా" అన్నారు. ఆయన పరుపు మీద కూర్చుని ఊగుతుంటే రోడ్డున పోయేవాళ్ళు చూస్తారు. ఏని గురించి ఎవరికీ చెప్పరు. ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 22, శనివారం

నేను హాలుకి రాలేనని అందరికీ తెలుసు. కూరగాయలాయన ముందే నోరు పెగలనిదాన్ని. అందుకని వేరే ఏర్పాట్లు చూశాం.

ముందు అత్తయ్య చేత ఊ కొట్టించారు. అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏ కొందరినే తీసుకుంటాడు," అన్నారు ఆయన.

"ఊ. ఎందుకని?"

"ఎందుకని కాదమ్మా, ఊ అను చాలు."

"అనే కదరా అడిగాను. నచ్చనివాళ్ళు ఏం తప్పు చేశారు?"

"తప్పు చేయలేదు. ఏ అనేవాడు వాళ్ళ మీద పనిచేయడు, అంతే."

"ఊ. బద్ధకం."

రెండో పేజీ దాటలేదు. అత్తయ్య ఏని పిలిపించి నాలుగు మాటలు చెప్పాలని పట్టుబట్టింది.

తర్వాత ఫోన్‌లో నా ఊలు రికార్డు చేశారు. మామూలువీ, సాగదీసినవీ. ఫోన్ కిటికీలో పెట్టి మొదలుపెట్టారు. ఆయన సూత్రం చెబుతుంటే ఫోన్ ఊరుకుంది. ఆయన దగ్గు వచ్చి ఆగితే "ఊ" అంది. ఇంకోసారి దగ్గారు. "ఊఊఊ" అంది. ఆయన పేజీ తిప్పేశారు, చెప్పనిదంతా చెప్పేసినట్టు. అంతలో ఎవరో ఫోన్ చేశారు. ఆయన ఎత్తలేదు, ఫోన్ గంట కూడా లెక్కలో భాగమేననుకుని దానికి జవాబు చెప్పబోయారు.

నవ్వొచ్చింది. పన్ను నొప్పితో నవ్వకూడదని తెలిసింది. అంటే నొప్పి ఉందని కాదు.

ఫిబ్రవరి 24, సోమవారం

పెళ్ళైన తర్వాత ఆయన నన్ను ఇంతవరకూ ఏదీ అడగలేదు. టీ కూడా అడగరు, ఇస్తే తాగుతారు. ఇవాళ ముందుగదిలో, తడి బట్టల మధ్య, నా ఎదురుగా కూర్చుని అడిగారు.

"వస్తావా?"

హాలు. కుర్చీల వరసలు. తెలియని మొహాలు. అందరూ చదువుకున్నవాళ్ళు.

ఇంకోటి కూడా తోచింది, రాయకూడదు గానీ రాస్తాను. ఆయన గెలిస్తే ఇక మధ్యాహ్నాలు చెప్పుకోనక్కర్లేదు. గెలవకపోతే పరుపుల మీద ఊగుతారు. ఎటు చూసినా నా ఊలతో ఎవరికీ పని ఉండదు. దానికి నాకేం బాధ లేదు. ఇంట్లో ఎంత పనో.

"ఊ" అన్నాను.

ఏ ఊ అది అని ఆయన అడగలేదు. లేచి మొహం కడుక్కున్నారు.

ఫిబ్రవరి 26, బుధవారం

పొద్దున లేచేసరికి కుడి చెంప బన్నులా ఉంది. అత్తయ్య నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఇవాళే అత్తయ్యా."

"ఇవాళే ఇంత వాస్తుందా? రొట్టె పిండి కూడా ఇంత తొందరగా పొంగదు. పద."

పళ్ళ డాక్టరమ్మ పన్ను పీకేసింది. దూది కుక్కింది, తడిసినప్పుడల్లా మార్చుకోమంది. రేపంతా మాట్లాడొద్దంది. అత్తయ్య కంగారుపడింది.

"మాట్లాడకపోతే ఫరవాలేదమ్మా, అది ఎలాగూ మాట్లాడదు. ఊ అనొచ్చా?"

"ఊ అంటే?"

"రేపు దాని మొగుడికి పెద్ద పరీక్ష. ఇది ఊ అనాలి."

డాక్టరమ్మ నన్నూ అత్తయ్యనూ మార్చి మార్చి చూసి, పెదాలు తెరవకుండా అనొచ్చంది. నా చేత ఒకసారి అనిపించి చూసింది కూడా.

ఫిబ్రవరి 27, గురువారం

అంతా రాస్తాను. ఒక్కటీ వదలను.

హాలు నేను అనుకున్నంత పెద్దది కాదు. అంతకంటే పెద్దది. ముందు వరసలో గైడుగారు, బట్టతల మీద లైటు మెరుస్తూ. గైడుగారి పక్కన వేరే ఊరినుంచి వచ్చిన పరీక్ష పెట్టే ఆవిడ, నెరిసిన జుట్టు, ముక్కు చివర కళ్ళజోడు. వెనక కాలేజీవాళ్ళు. అన్నయ్యగారు కూడా వచ్చారు, పని అయిపోగానే తీసుకెళదామని బయట షాపు వ్యాను పెట్టుకుని. నేనూ అత్తయ్యా చివరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాం. చెంపకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆయన మొదటి లైను రాశారు. తిరిగారు.

ఊ అనాలి. అంతే నా పని. నోట్లో దూది. ఎవరూ కదలడం లేదు. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. ఆయన బోర్డుకీ జనానికీ సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నారు, చేతులు కిందికి వేలాడదీసి. మా ముందుగదిలో ఉల్లిపాయల సంచి ఎలా ఉంటుందో అలా. మధ్యలో ఉన్నారు. ఊపు లేదు. ఇక ఎప్పటికీ అలాగే ఉంటారు.

గైడుగారు మంచినీళ్ళ సీసా అందుకోవడానికి చెయ్యి చాచారు. పోయినసారి కూడా మంచినీళ్ళే ఇచ్చారు.

అత్తయ్య నన్ను పొడిచింది. ఎక్కడ పొడిచిందో చెప్పను.

"ఊఊఁ."

మామూలు ఊ అనుకున్నాను. దూదిలోంచి వచ్చేసరికి అది ఓడ కూతలా వచ్చింది. హాలంతా వెనక్కి తిరిగింది. నేను కొంగులోకి వెళ్ళిపోయాను. కొంగులోంచి వింటున్నాను.

"కాబట్టి," అన్నారు ఆయన. "ఏ అందరి మీదా పనిచేయడు."

"ఊ," అన్నాను.

ఇక ఆగలేదు. కొసైన్ వచ్చింది, సైన్ వచ్చింది. ఇంట్లోలాగే చెబుతున్నారు, మధ్యలో ఒకసారి "ఈ ఉల్లిపాయలు" అని కూడా అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఇష్టమైన సూత్రం దగ్గర సాగదీసిన ఊ కొట్టాను. కొంగు కొంచెం దించి చూస్తే, రెండో వరసలో ఒక లావుపాటాయన నాతో పాటు తలూపుతూ "ఊ" అంటున్నాడు. తర్వాతి పేజీకి ఇంకొకరు అందుకున్నారు. అన్నయ్యగారు అందరికంటే గట్టిగా కొడుతున్నారు, మధ్య మధ్యలో గడియారం చూసుకుంటూ. గైడుగారు సీసా మూత పెట్టేశారు.

బి వచ్చాడు. నేను ఊపిరి బిగబట్టాను. పన్ను లేదు గనక పోటు రాలేదు.

"బి హద్దుల్లో ఉంటే అంతా క్షేమం."

"ఊ," అంది అత్తయ్య, నాకంటే ముందు.

అయిపోయింది. పెద్దావిడ ఆయన్ని ఏవో అడిగింది, ఆయన నా వైపు చూస్తూ ఆవిడకి జవాబు చెప్పారు. ప్రతి జవాబుకీ నేను ఊ కొట్టాను. కాసేపటికి ఆవిడ కళ్ళజోడు తీసి వెనక్కి తిరిగింది.

"చివరి వరసలో ఉన్న అమ్మాయ్. నిన్నే."

నేను లేచి నిలబడ్డాను.

"మొదటినుంచీ అన్నిటికీ ఊ అంటున్నావు. ఇదంతా నీకు అర్థమైందా?"

ఎన్ని కళ్ళో. ఊ అంటే ఇంకేదైనా అడుగుతుంది. మాట్లాడొద్దని డాక్టరమ్మ చెప్పింది. దాచడానికీ ఏమీ లేదు.

"ఊహూఁ," అన్నాను.

నేను అన్నాకగానీ నాకు తట్టలేదు ఏం చేశానో. ఆయన అప్పటికే డస్టరు అందుకున్నారు. చకచకా బోర్డంతా తుడిచేశారు. సుద్దముక్క కొత్తది తీశారు.

"అయితే మొదటినుంచీ చూద్దాం," అన్నారు.

ముందు వరస కుర్చీలన్నీ ఒకేసారి కిర్రుమన్నాయి. భోజనం వేళ దాటిపోతోంది.

"వద్దు బాబూ," అంది పెద్దావిడ లేచి నిలబడుతూ. "మాకు అర్థమైంది. బాగా అర్థమైంది. ఏమండీ, అందరికీ అర్థమైంది కదా?"

"ఊ," అంది హాలంతా.

ఆయన సుద్దముక్క పట్టుకుని ఇంకా నా వైపే చూస్తున్నారు. నేను ఊ అనేదాకా కింద పెట్టలేదు.

తర్వాత పెద్దావిడ కాగితం మీద సంతకం చేసింది. గైడుగారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు, ఆపడం మర్చిపోయి చాలాసేపు ఊపారు. అన్నయ్యగారు మమ్మల్ని ఇంటికి వ్యానులో దింపారు. వెనక పరుపులున్నాయి, వాటి మీద కూర్చున్నాం. గోతి వచ్చినప్పుడల్లా అందరం ఎగిరి పడ్డాం. ఆయన ప్రతిసారీ "చూశావా" అన్నారు. నేను చూశాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

దూది తీసేశాక కూరగాయలాయనతో "అర కిలో బెండకాయలు" అన్నాను. హాల్లో అంతమంది ముందు అన్నాను గదా, ఇదెంత అనుకున్నాను. అతని చేతిలో తక్కెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. "నయమైందా అమ్మా" అన్నాడు. ఊ అన్నాను. ఇక టమాటాలు ఎక్కువ రావు.

మధ్యాహ్నం ఆయన పడుకున్నారు. పడుకోవాలి, అలసిపోయారు. ముందుగది నిశ్శబ్దంగా ఉంది. మంచిదే. ఒలిచిన బఠానీలనే మళ్ళీ ఒకసారి చూసుకున్నాను.

మార్చి 1, శనివారం

మంచిదే.

మార్చి 2, ఆదివారం

భోజనాలయ్యాక ఆయన ముందుగదిలోకి వచ్చి బోర్డు ముందు నిలబడ్డారు. రాయలేదు. నేను బఠానీల గిన్నె తెచ్చుకుని నా చోట కూర్చున్నాను. ఆయన కాసేపు బోర్డు చూసి, కాసేపు సంచి చూసి, వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఒక కాయ తీసుకుని ఒలిచారు. బఠానీ ఎగిరి కుర్చీ కిందికి పోయింది.

సంచి మధ్యలో కదలకుండా ఉంది. ఎంతసేపైనా అలాగే ఉంటుంది, ఆయనే చెప్పారు.

"ఏవండీ," అన్నాను.

ఆయన తలెత్తారు.

"ఆ రోజు బి దగ్గర నేను అన్న ఊ ఉంది చూశారూ."

"ఊ."

"అది అనుమానం కాదండీ. పన్ను."

ఆయన చేతిలో కాయ అలాగే ఉంది. మూడో అధ్యాయం, చింపిన కాగితాలు, జిగురు, కంచాలు, అన్నీ ఆయన మొహంలో ఒకదాని వెనక ఒకటి వెళ్ళడం చూశాను.

"ఊఁ?" అన్నారు.

అంటే ఇంకో రకంగా చెప్పమని. చెప్పాను. లవంగం దగ్గరనుంచి చెప్పాను. కాఫీ ఇచ్చి చెప్పకుండా వచ్చేసిన సంగతి చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి, గోడకి ఆనుకుని నవ్వి, అత్తయ్య వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేక ఇంకా నవ్వారు. అత్తయ్య ఇద్దరి నుదుళ్ళూ ముట్టుకుని చూసి వెళ్ళింది.

తర్వాత నేను కూరగాయలాయన సంగతి చెప్పాను. "ఊ" అన్నారు. మా అమ్మమ్మ సంగతి చెప్పాను. "ఊ" అన్నారు. బడిలో నన్ను లెక్కల మాస్టారు బెంచీ ఎక్కించిన సంగతి, ఆ బెంచీ విరిగిన సంగతి. "ఊ." నేను ఇంత మాట్లాడతానని నాకే తెలియదు. ఎండ కిటికీలోంచి జరిగి సంచి మీద పడింది. ఆయన కళ్ళు సగం మూతపడ్డాయి. బఠానీలు ఒలుస్తూనే ఉన్నారు, తొక్కలు గిన్నెలోనూ గింజలు చెత్తలోనూ వేస్తూ.

నాకు అనుమానం వచ్చింది.

"అప్పుడు మా అమ్మమ్మ బట్టల బీరువాలో ఏనుగు దూరిందండీ," అన్నాను.

"ఊ," అన్నారు ఆయన.

చెయ్యి చాచి ఉల్లిపాయల సంచిని కొంచెం నెట్టాను. అది ఊగుతుంటే, ఏనుగుని బీరువాలోంచి బయటికి ఎలా తీశారో మొదలుపెట్టాను. దాన్ని తీసేసరికి సాయంత్రమైంది.